నాడి చూసుకుంటూ నడిచిన రౌతు

సారీబెల్ ఊళ్లో ఒముర్జాక్ కాలినడకన పోతుండగా చూసినవాళ్లు తక్కువ. పొరుగింట్లో గుప్పెడు ఉప్పు అడిగి తేవాలన్నా గుర్రమెక్కే వెళ్లేవాడు. ఇందులో అతనొక్కడి గొప్పేమీ లేదు. నారిన్ కొండల్లో మగవాడు నేలమీద నడుస్తూ కనిపిస్తే, పాపం ఇతనికేం కష్టమొచ్చిందో అనుకుంటారు. మూడో ఏట తండ్రి అతన్ని జీను ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఆరో ఏట పగ్గాలు చేతికిచ్చి వదిలేశాడు. పదహారో ఏట కోక్-బోరు ఆటలో మొదటిసారి మేకను నేలమీంచి లేపాడు.

తల తీసిన మేక కళేబరం తడిస్తే బియ్యపు బస్తా అంత బరువుంటుంది. పరుగెత్తే గుర్రం మీంచి నేలదాకా వంగి దాన్ని లాగాలి, తొడ కింద నొక్కిపట్టాలి. అవతలి జట్టు గుర్రాలు రొమ్ములతో గుద్దుతున్నా లెక్కచెయ్యకుండా మైదానం చివరనున్న మట్టి తొట్టిలోకి విసరాలి. ఒముర్జాక్ పొట్టివాడు, దొడ్డికాళ్లవాడు. నేలమీద నిలబడితే ఎవరూ రెండోసారి చూడరు. కాష్కా మీద కూర్చున్నాడంటే మాత్రం, నుదుట తెల్లచార ఉన్న ఆ గుర్రం ఎక్కడ ఆగిందో, అతను ఎక్కడ మొదలయ్యాడో తెలిసేది కాదు. అరవై గొర్రెలు, తొమ్మిది ఆడగుర్రాలు, భార్య బురుల్, బడికి వెళ్లే ఇద్దరు ఆడపిల్లలు, తల్లి కల్బుబు. ముప్ఫై ఆరేళ్లొచ్చేసరికి అతనికున్నవి ఇవీ, ఆ ఆటలో వచ్చిన పేరూ.

ఆ ఏడు అక్టోబరులో మందలు కొండ దిగాయి. గడ్డి వాములెక్కింది. పక్క ఊరివాళ్లతో ఆట పెట్టుకున్నారు. రాత్రి పడ్డ మంచుకు నేల గట్టిపడి పొద్దున్న ఇనుములా మోగుతోంది. ఒముర్జాక్ మేకను లేపి, తొడకింద పెట్టుకుని తిరిగాడు. ఎడమవైపు నుంచి ఒక బూడిదరంగు గుర్రం కాష్కా భుజాన్ని గుద్దింది. కాష్కా ముందరి మోకాళ్ల మీద పడింది. ఒముర్జాక్ దాని తలమీదుగా ఎగిరి నేలకు కొట్టుకున్నాడు.

జట్టులో అతని జోడీ మామిత్. చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నవాడు. గుర్రం దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, లే! బతికున్నావా?"

"బతికే ఉన్నా. గుర్రమేది?"

"ఇదిగో, కాష్కా ఇక్కడే ఉంది. ఎక్కు, ఎక్కు. ఆట మన చేతిలో ఉంది!"

ఎక్కాడు. మరో పావుగంట ఆడాడు. మూడుసార్లు మేకను తొట్టిలో వేశాడనీ, చివరిది ఆ మైదానంలో అంతకుముందెవరూ చూడనంత దూరం నుంచి విసిరాడనీ ఊరంతా చెప్పుకున్నారు. అందులో ఒక్కటీ అతనికి గుర్తు లేదు. గుర్తున్నదల్లా తర్వాత కంచె పట్టుకుని వాంతి చేసుకోవడం, మంచుమీద ఆవిరి లేవడం, మామిత్ బూట్లు.

మర్నాటికి ప్రపంచం ఒక అడుగు వెనక్కి జరిగిపోయింది.

అలా తప్ప మరోలా చెప్పడం అతనికి రాలేదు. బురుల్ పిలిస్తే ఆ గొంతు ఏరు అవతలి గట్టు నుంచి వచ్చినట్టుండేది. కిటికీలోంచి పడే వెలుతురు కళ్లలో సూదుల్లా గుచ్చుకునేది. మంచం మీంచి లేచి నిలబడితే చాలు, గుండె పరుగు అందుకునేది, చెవుల్లో హోరు పుట్టేది, గది గోడలు గుడారం తెరల్లా ఊగేవి. బురుల్ పెద్ద గొంగళి తెచ్చి కిటికీకి అడ్డంగా మేకులు కొట్టింది.

నారిన్ పట్నానికి తీసుకెళ్లి తల లోపలి ఫోటో తీయించారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, తలలో ఏమీ లేదు, నొప్పి తగ్గేదాకా పడుకోమన్నాడు. ఆ మాట వాళ్లకన్నా ముందు ఊరు చేరింది. దుకాణం ముందు కూర్చునే ముసలాళ్లకు వారం రోజులు అదే వేడుక.

"డాక్టరు చూసి ఒముర్జాక్ తలలో ఏమీ లేదన్నాడట!"

"దానికి నారిన్ దాకా పోవాలా? నన్నడిగితే ఇక్కడే చెప్పేవాణ్ణి."

కల్బుబు పై ఊరినుంచి తలకట్టే ముసలమ్మను పిలిపించింది. ఆవిడ దారంతో అతని తల చుట్టూ కొలిచింది. నుదుటిమీద, చెవుల దగ్గర, మెడవెనక పొయ్యిబొగ్గుతో చుక్కలు పెట్టింది. దారాన్ని మడిచి చూసి, మెదడు ఎడమకు జరిగిందంది. రెండు అరచేతుల మధ్య తల పట్టుకుని మెల్లగా అటూఇటూ కుదిపి, తెల్లగుడ్డతో గట్టిగా కట్టి వెళ్లింది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి, గొర్రెకొవ్వు వాసన వేశాయి. ఒక పూట నిజంగానే తేలికనిపించింది. మరుసటి పూటకు నొప్పి తిరిగొచ్చింది.

నవంబరు పోయింది, డిసెంబరు పోయింది. గొంగళి వెనక చీకట్లో ఒముర్జాక్ పడుకునే ఉన్నాడు. పొయ్యిలో పిడకలు చిటపటలాడేవి. తల్లి కదురు తిరిగేది. ఆ చప్పుడు అతనికి వేసవి మేతభూమిలో దూరంగా పారే వాగులా వినిపించేది, అందులో పడి కొట్టుకుపోయేవాడు. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆడగుర్రాలు నీటిమీద నడుస్తూ వచ్చేవి. వాటి గిట్టలకింద నీరు పగిలి అద్దంముక్కల్లా పైకి లేచి, కింద పడకుండా అక్కడే నిలిచేది. తలుపు కిర్రుమంటే అంతా చెదిరిపోయేది. పిల్లలు నవ్వితే తల పగిలినంత కోపమొచ్చేది. కసిరేవాడు. తర్వాత గోడవైపు తిరిగి సిగ్గుపడేవాడు. పిల్లలు ఇంట్లో వేలికొసల మీద నడవడం నేర్చుకున్నారు.

జనవరిలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా లేచి కొట్టంలోకి వెళ్లి కాష్కాకు జీను వేశాడు. ఎక్కాడు. గుర్రం నాలుగడుగులు వేసిందో లేదో, లోయంతా పళ్లెంలో నీళ్లలా ఒక పక్కకు ఒరిగింది. జూలు రెండుచేతులా పట్టుకుని, మొహం దాని మెడలో దాచుకుని ఉండిపోయాడు. కాష్కా కదల్లేదు. బురుల్ వచ్చి చూసి, నడుం పట్టుకుని దింపింది.

"నేనిక పనికిరాను" అన్నాడు.

"టీ చల్లారిపోతోంది, పద" అంది.

ఊరి వైద్యశాలను ముప్ఫై ఏళ్లుగా ఒంటిచేత్తో నడిపే నర్సమ్మ జూరకాన్ ఆ రోజుల్లో ఊళ్లో లేదు. పల్లెటూళ్ల నర్సులకు కొత్త సంగతులు నేర్పుతామని రాజధానికి పిలిచారు. ఫిబ్రవరిలో తిరిగొచ్చింది. సంచి ఇంట్లో పడేసి, తిన్నగా ఒముర్జాక్ ఇంటికొచ్చింది. లావుపాటి మనిషి, పెద్ద గొంతు. లోపలికి వస్తూనే గొంగళిని ఒక మూల లాగింది. బెత్తెడు వెలుతురు నేలమీద పడింది.

"ఎన్నాళ్లయిందిరా ఇలా పడుకుని?"

"నాలుగు నెలలు, అక్కా. డాక్టరే పడుకోమన్నాడు."

"నేనూ ఇన్నేళ్లు అందరికీ అదే చెప్పా. ఇప్పుడు నాకే బుద్ధొచ్చింది. సరే, ఒక మాట చెప్పు. నీ గుర్రానికి కాలు బెణికింది. ఏం చేస్తావు?"

ఒముర్జాక్ నీరసంగా నవ్వాడు. "ఇదేం పరీక్ష?"

"చెప్పరా."

"రెండ్రోజులు కట్టేసి ఉంచుతా. తర్వాత తాడు పట్టుకుని నడిపిస్తా."

"ఎంతదూరం?"

"కుంటడం మొదలయ్యేదాకా పోనివ్వను. దానికి కాస్త ముందే ఆపేస్తా. మర్నాడు మళ్లీ."

"నాలుగు నెలలు కొట్టంలో కట్టేస్తే?"

"కాలు బాగైనా గుర్రం పాడైపోతుంది. గిట్టలు, గుండె, అన్నీ…" అని మధ్యలో ఆగిపోయాడు.

జూరకాన్ మంచం చివర కూర్చుంది. మంచం మూలిగింది. "విను. నీ పుర్రె పగల్లేదు, రక్తం కారలేదు. అందుకే ఫోటోలో ఏమీ కనపడలేదు. లేదన్నంత మాత్రాన నువ్వు వేషాలేస్తున్నావని కాదు. మెదడు నుంచి గుండెకూ రక్తనాళాలకూ నరాలు పోతుంటాయి. నువ్వు చెప్పకుండానే గుండెను ఎక్కడ తోలాలో, ఎక్కడ నిలపాలో అవే చూసుకుంటాయి. ఆ దెబ్బకు వాటి పట్టు సడలింది. అందుకే నువ్వు లేచి నిలబడితేనే గుండె అదిరిపడుతోంది. ఆ నరాలకు పని మళ్లీ నేర్పాలి. పడుకుంటే నేర్చుకోవు."

"ఏం చెయ్యమంటావు?"

"నడువు."

"గుర్రం మీదా?"

"కాళ్లమీద. దేవుడు ఇచ్చాడుగా రెండు, వంకరవైనా."

తలుపు దగ్గర నిలబడి వింటున్న కల్బుబు తలరుమాలు కొస నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊళ్లో మొహమెలా చూపించేది, జూరకాన్! నా మొగుడు పోయిననాడు కూడా మా ఇంట్లో మగవాడు నడిచి పోలేదు."

"పెద్దమ్మా, నీ కొడుకు ఇలాగే పడుకుంటే పోయేది పరువొక్కటే కాదు."

మర్నాడు పొద్దున్నే వచ్చి బయటకు తీసింది. మంచు తవ్వి దారి చేసి ఉన్నది ఒక్కచోటే. వైద్యశాల వెనకనుంచి గుట్టమీది సమాధుల దాకా. మెల్లగా లేచే దారి. తల్లి గొల్లుమంది. "అప్పుడే ఆ దారి పట్టిస్తున్నావేమే నా బిడ్డను!" బురుల్ అత్తగారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. వెళుతూ వెళుతూ మొగుడికేసి చూసి నవ్వాపుకుంది.

జూరకాన్ అతని చూపుడువేలికి చిన్న యంత్రం తగిలించింది. అందులో ఎర్ర అంకెలు వెలిగాయి. దారిపక్క ప్రతి కంచెగుంజ దగ్గరా ఆపేది.

"నాడి తొంభై ఎనిమిది. తలనొప్పి పదిలో ఎంత?"

"రెండు."

"నూటపది. ఇప్పుడు?"

"రెండే."

దారి ఇంకాస్త పైకి లేచింది. ఎక్కడో కుక్క మొరిగింది. ఊపిరి మీసాలమీద గడ్డకడుతోంది. పదకొండో గుంజ దగ్గర కళ్లవెనక ఎవరో పిడికిలి బిగించినట్టయింది, తెల్లటి గుట్ట అంచు వణికింది.

"నాలుగు. కాదు, ఐదు."

"నూటముప్ఫై. ఆగు. ఇక్కడే నీ కుంటు మొదలయ్యేది." ఆమె జేబులోంచి కాగితం తీసి రాసుకుంది. "ఇకనుంచి రోజూ ఇరవై నిమిషాలు నడుస్తావు. నాడి నూటపదిహేనుకు తీసుకొస్తావు. నూటపదిహేడైతే అడుగు తగ్గిస్తావు, నూటపదైతే పెంచుతావు. నొప్పి మామూలుకన్నా రెండు పెరిగితే అక్కడికక్కడే ఆగి ఇంటికి పోతావు. పౌరుషం వద్దు. రెండువారాలకోసారి నేను మళ్లీ కొలుస్తా."

"నడిస్తే మెదడు మళ్లీ కదిలిపోదా, అక్కా?"

"గుర్రంమీద తలకిందులుగా వేలాడేటప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా? పద."

అలా మొదలైంది. పొద్దున పాలు పితికాక, ఎండ కంటికి పదునెక్కకముందు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కల్పక్ టోపీ చెవులదాకా లాగి బయల్దేరేవాడు. మొదటివారం దుకాణం ముందునుంచి పోవడమే గుట్ట ఎక్కడంకన్నా కష్టమైంది.

"ఒముర్జాక్! కాష్కాను అమ్ముకున్నావా?"

"పాపం, గుర్రమే ఇతన్ని అమ్మేసిందేమో!"

ఒక ముసలాయన కావాలనే తన గాడిదను ఆపి, "ఎక్కు నాయనా, దించుతాను" అన్నాడు. ఒముర్జాక్ యంత్రంలో చూశాడు. నూట ఇరవై రెండు. కోపానికి కూడా నాడి లేస్తుందని అప్పుడు తెలిసింది. తల వంచుకుని అడుగు తగ్గించి, నూటపదిహేను వచ్చేదాకా ఎవరికీ జవాబివ్వలేదు. అదే మంచిదైంది. జవాబివ్వని మనిషిని ఎన్నాళ్లని ఏడిపిస్తారు?

నేలను అతను అంతకుముందు చూడలేదు. గుర్రం మీంచి చూసేది దూరాన్ని. ఏ గుట్టమీద మంద ఉంది, ఏ మబ్బు వస్తోంది, అంతే. ఇప్పుడు బూటుముందు బెత్తెడుదూరంలో మరో లోకం ఉంది. చలి ఎక్కువైన రోజు మంచు పళ్లు కొరికినట్టు కిరకిరలాడేది, తగ్గిన రోజు గుసగుసలాడేది. గుర్రపు గిట్ట దిగిన గుంటలో నీరు గడ్డకట్టి, అందులో బటానీ గింజంత సూర్యుడు ఉండేవాడు. నక్క నడిచిన జాడ, ఎవరో సూదితో కుట్టినట్టు సన్నటి వరస. శ్వాస లోపలికి, నాలుగడుగులు. శ్వాస బయటికి, నాలుగడుగులు. పది నిమిషాలు దాటాక గుండెచప్పుడు తనది కాదనిపించేది, పక్కన మరెవరో నడుస్తున్నట్టుండేది. ఆ మనిషి తొందరపెట్టడు, మాట్లాడడు. ఒక్కోసారి అది తండ్రి అనిపించేది. నాలుగేళ్లప్పుడు తను గుర్రంమీద కూర్చుంటే, తాడు పట్టుకుని ఆ కొండలన్నీ కాలినడకన తిప్పింది తండ్రే గదా. అన్నేళ్లలో ఆయన్ని నడిచిన మనిషిగా అతనెప్పుడూ తలుచుకోలేదు.

నెల తిరిగేసరికి కిటికీ గొంగళి సగానికి దిగింది. రాత్రి ఆరుగంటలు నిద్ర పట్టేది. జూరకాన్ కొలిచి చూస్తే ఇప్పుడు నూటనలభై రెండు దాకా తల బరువెక్కలేదు. ఇరవై నిమిషాల నడకలో నాడి హద్దు నూట ఇరవై ఏడుకు పెరిగింది.

అప్పుడే అతను తప్పు చేశాడు.

మార్చిలో ఒకరోజు మామిత్ కొత్త గుర్రమెక్కి వెనకనుంచి వచ్చాడు. పక్కనే నడిపిస్తూ, "నౌరుజ్ పండక్కి ఆట పెట్టారు. నువ్వు లేకపోతే జట్టు లేదు" అన్నాడు.

"ఇంకా బాగవలేదురా."

"ఇంత చక్కగా నడుస్తున్నావు, ఇంకేం బాగవాలి? ఆడపిల్లలా ఆ వేలి యంత్రమేమిటి? రా, ఆ వంతెనదాకా నాతో సమానంగా రా చూద్దాం."

మామిత్ గుర్రాన్ని కాస్త ముందుకు తోలాడు. ఒముర్జాక్ యంత్రం తీసి జేబులో పెట్టుకున్నాడు. ముందు పెద్దపెద్ద అంగలేశాడు, తర్వాత పరుగెత్తాడు. చల్లగాలి, బురద, పక్కన గుర్రపుచెమట వాసన. ఎన్నాళ్లకో! వంతెన చేరేసరికి ఏరు కింద కాకుండా నెత్తిమీద పారుతోంది. మామిత్ ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి, మాట వినపడలేదు.

మూడురోజులు మళ్లీ గొంగళి కట్టారు. నాలుగోరోజు జూరకాన్ వచ్చి, మంచం పక్కన నిలబడి, యంత్రం అతని వేలికి తగిలించింది. ఆమె తిట్టకపోవడం తిట్టుకన్నా కష్టంగా ఉంది.

"అక్కా, అంతా పాడు చేసుకున్నానా?"

"లేదురా. మూడురోజులు పోయాయి, అంతే. నరాలు పగ పెట్టుకోవు. రేపు నూటపదిహేను దగ్గర మొదలుపెట్టు." గడప దాటబోతూ తిరిగి, "ఆ మామిత్‌గాణ్ణి కనపడమను. వాడికి సూది వేసే పని ఏదో ఒకటి చూస్తాను" అంది.

ఆ మర్నాటినుంచి బురుల్ కూడా నడిచింది. ఎవరూ అడగలేదు. పాలకుండ గడపలో దించి, బూట్లు తొడుక్కుని, "నా నాడి కూడా చూడు, ఎంతుందో" అంది. ఆమె నాడి ఎనభైయారు. "నీకు గుట్ట ఎక్కినా లెక్కలేదు" అన్నాడు. "పదిహేనేళ్లుగా నీ గుర్రాలవెనక నడుస్తున్నదెవరనుకున్నావు?" అంది. ఒముర్జాక్ నూటపదకొండు, నూటపదమూడు అని అంకెలు చదువుకుంటూ ఆమె పక్కన నడిచాడు. నౌరుజ్‌నాడు ఇద్దరూ మైదానం చివర నిలబడి, గోధుమ పాయసం తాగుతూ ఆట చూశారు. జట్టు ఓడిపోయింది.

మే నెలలో మంచు కరిగింది. మందలు కొండెక్కాయి. అతనూ ఎక్కాడు, కాష్కాను పగ్గం పట్టి నడిపించుకుంటూ. పొగమంచులో ముందు గొర్రెలు కనపడవు, వాటి గంటలు వినపడతాయంతే. వెనక గుర్రం ఊపిరి భుజానికి వెచ్చగా తగులుతోంది. కాళ్లకింద గడ్డి ఉంది, పైన ఏమీ లేదు. నిద్రలో ఎక్కడికో పోతున్నట్టు మూడుగంటలు ఎక్కాడు. పైమేతలో పొగమంచు విడిపోయి ఒక్కసారిగా ఎండ మొహాన పడింది. కళ్లు చికిలించాడు గానీ మూసుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కళ్లద్దాలు ఇంట్లోనే మరిచిపోయాడని. యంత్రం కూడా. పొద్దుటినుంచీ తలనొప్పి ఎంతుందని తనను తాను అడగనేలేదు.

జూన్‌లో మెల్లగా గుర్రమెక్కాడు. లోయ ఒరగలేదు. జూలై నాటికి దౌడు తీయించాడు. గుడారం ముందు పులిసిన గుర్రప్పాల కుమిస్ చిలుకుతున్న తల్లి కర్ర వదిలేసి, రెండుచేతులూ మొహానికి రాసుకుని అల్లాను తలుచుకుంది. తర్వాత ఊరి ఆడవాళ్లందరికీ, అది ముసలమ్మ కట్టిన తలగుడ్డ మహిమేనని చెప్పింది. ఆమె ముందు ఎవరూ కాదనలేదు. జూరకాన్ కూడా, "ఆ గుడ్డా పనిచేసే ఉంటుందిలే, పెద్దమ్మా" అంది.

శరత్కాలం ఆట దగ్గరపడింది. ఒకరోజు పాలు పితుకుతూ బురుల్ అడిగింది.

"ఆడతావా?"

"జూరకాన్ అక్క ఆడగలవంది. మళ్లీ దెబ్బ తగిలితే మాత్రం ఈసారి ఇంత తేలిగ్గా పోదంది."

"నేను నిన్ను ఆపను. కానీ ఆ కిటికీకి ఇంకోసారి మేకులు కొట్టలేను. అప్పుడు నువ్వే కొట్టుకోవాలి."

అతను నిండిన పాలకుండ అందుకుని పక్కన దించాడు. "కాష్కాను మామిత్‌కు ఇస్తాను, ఆ ఒక్కరోజుకు" అన్నాడు. ఆ సాయంత్రం ఆ మాటే తల్లికీ చెప్పాడు. తల్లి ఎదురుచెప్పలేదు.

ఆటరోజు మైదానం అంచున నిలబడ్డాడు, కాళ్లమీద. రెండో భాగంలో మూడు గుర్రాలు ఢీకొన్నాయి. మామిత్ జారి, రికాబులో కాలు ఇరుక్కుని, తల నేలకు కొట్టుకున్నాడు. జనం లేచి అరుస్తుండగానే కాలు విడిపించుకుని లేచి, కాష్కా జీను పట్టుకుని మళ్లీ ఎక్కేశాడు. కళ్లు ఎటో చూస్తున్నాయి. ఒముర్జాక్ కంచె దూకి పరుగెత్తి, కళ్లెం పట్టుకున్నాడు.

"దిగు. ఇక చాలు."

"వదలరా! ఆట మన చేతిలో ఉంది!"

"ఇవాళ ఏ వారం?"

"ఏ వారమైతే నీకెందుకు? పిరికివాడా! నువ్వు ఆడవు, ఇంకొకణ్ణి ఆడనివ్వవా?"

"వారం చెప్పు, వదిలేస్తా."

మామిత్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆ రాకపోవడానికి భయపడ్డాడో, కోపమొచ్చిందో, కొరడా ఎత్తి కొట్టాడు. అది ఒముర్జాక్ భుజంమీద పడింది. రెండోసారీ పడింది. జట్టువాళ్లు అరిచారు, జనం ఈలలు వేశారు, ఎవరో మంచుగడ్డ విసిరారు. కళ్లెం వదల్లేదు. కాష్కా రెండు మొహాలకేసీ చూస్తూ రాయిలా నిలబడింది. చివరికి మామిత్ దాని మెడమీదికి వాలిపోయి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. అప్పుడు గానీ మైదానం సద్దుమణగలేదు. మిగిలిన ఆట ఒక మనిషి తక్కువతోనే ఆడి ఓడిపోయారు. ఆ సాయంత్రం ఊళ్లో ఒముర్జాక్‌ను పలకరించినవాళ్లు లేరు.

రెండ్రోజులు ఆగాడు. మూడోరోజు పొద్దున్న మామిత్ ఇంటికి నడిచి వెళ్లాడు. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. మామిత్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఎవరది?"

"నేనే."

"పో. నీ మొహం చూడను."

"చూడొద్దు, చీకటిగానే ఉందిగా. రెండ్రోజులు పడుకున్నావు, చాలు. బూట్లు తొడుక్కో."

మంచం కిర్రుమంది. తర్వాత చీకట్లోంచి, చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "ఒమూ, లేస్తే నేల ఊగుతోందిరా. గుండె నోట్లోకొస్తోంది. ఇది పోతుందా?"

"పోతుంది. నిలబడకముందు కాసేపు కూర్చో. ఊఁ, అలా. చెయ్యి ఇలా ఇవ్వు." యంత్రం అతని వేలికి తగిలించాడు. అంకెలు వెలిగాయి. "నూటరెండు. తలనొప్పి పదిలో ఎంత?"

"మూడు. నీ భుజం ఎలా ఉంది?"

"పదిలో ఒకటి."

మామిత్ నవ్వబోయి, నవ్వితే నొప్పి పెట్టి ఆగిపోయాడు.

బయటికొచ్చారు. జూరకాన్ వైద్యశాల మెట్లమీద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇద్దరినీ చూసింది, పిలవలేదు. ఊళ్లోంచి కాకుండా ఏటి వెంబడి దారి పట్టారు, అక్కడ నీడ ఉంది. పల్చటి మంచుమీద ఇద్దరి అడుగులూ కలిసి ఒకే చప్పుడయ్యాయి. అవతలి గట్టున ముళ్లపొదల్లోంచి కౌజుపిట్టలు గుంపుగా లేచి, తక్కువ ఎత్తున ఎగిరి, ఇంకో పొదలో దిగాయి.

"ఎన్ని నిమిషాలు?" అన్నాడు మామిత్.

"ఇవాళ పది చాలు."

"తొందరగా నడుస్తున్నావేమో."

"సరే, తగ్గిస్తా" అని ఒముర్జాక్ అడుగు తగ్గించాడు.